ఇరవై రెండు సెకన్లు

5వ తేదీ, బుధవారం

అమ్మయ్య, రేడియో ఇంటర్వ్యూ కుదిరింది. సరిగ్గా ఇరవై ఎనిమిది నిమిషాలు. పొద్దున కొయ్యడం మొదలుపెట్టినప్పుడు నలభై ఒకటి ఉంది. పరుగమ్మాయి మాట్లాడింది తక్కువ, ఆగింది ఎక్కువ. అందుకే పని తేలికైంది. ప్రశ్నలడిగే పెద్దాయన దగ్గులు పదకొండు, గది బయట ఎవరో బకెట్టు ఈడ్చిన చప్పుడు, "అంటే", "అదీ", "అలా కాదండీ"లు ఓ అరవై, అన్నీ పోయాయి. చివరి సమాధానం మాత్రం భలే పడింది. పెద్దాయన వినగానే కుర్చీలోంచి లేచి నిలబడి, "కత్తెరమ్మా, నీది చెయ్యి కాదు!" అన్నారు. పద్ధెనిమిదేళ్ళలో ఆయన లేచి మెచ్చుకోవడం ఇది మూడోసారి.

మెడ పట్టేసింది. పడుకుంటా.

6వ తేదీ, గురువారం

సాయంత్రం ఆరింటికి ప్రసారమైంది. ఇంట్లో అందరం విన్నాం. పెద్దాయన చివర్లో అందరినీ అడిగే ప్రశ్న అత్తయ్యకి కంఠతా. పదకొండేళ్ళుగా, వచ్చింది రచయితైనా సరే, ఆటగాడైనా సరే, తత్వం చెప్పేవాడైనా సరే, అదే ప్రశ్న. ఇవాళ కూడా రేడియో కంటే ముందే అత్తయ్య అడిగేసింది, "ఇంకా ఇష్టమేనా?" అని.

పరుగమ్మాయి చెప్పింది: "పొద్దున లేవగానే కాళ్ళు వాటంతటవే గ్రౌండుకి వెళ్ళిపోతాయండీ. అంతే."

మా ఆయన "ఆహా" అన్నారు. ఆయన ఆహా అంటే ఊరంతా ఆహా అన్నట్టే, అంత తేలిగ్గా మెచ్చే మనిషి కాదు. అత్తయ్య మాత్రం మొహం చిట్లించుకుంది.

"ఆ పిల్ల ఊపిరి తీసుకోకుండా చెప్పిందేంటే?"

"ఏం చెప్పింది అత్తయ్యా?"

"అదే, ఆఖరి మాట. ఆయన అడిగీ అడగ్గానే. మనిషన్నాక నోరు తెరిచే ముందు ఊపిరి తీసుకోదూ?"

"పరిగెత్తే పిల్ల కదా, వాళ్ళకి ఊపిరి ఎక్కువే ఉంటుంది" అన్నాను. మా ఆయన నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన చెవులవి. ఆవిడ పక్కన కూర్చుని రేడియో వినడం నాదే బుద్ధితక్కువ.

7వ తేదీ, శుక్రవారం

ఎనభై మూడు ఫోన్లు! ఒక టీచరమ్మ ఆ కాళ్ళ మాట బోర్డు మీద రాసి పిల్లల చేత చదివించిందట. పెద్దాయన నడుస్తుంటే నేల మీద ఆనట్లేదు.

8వ తేదీ, శనివారం

నేనేం తప్పు చెయ్యలేదు.

ఎందుకు రాశానో తెలీదు. ఊరికే రాశా.

11వ తేదీ, మంగళవారం

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ. కూర్చోమంటే కూర్చోలేదు.

"పరుగు పిల్లకి పిన్నినండీ. కోచ్‌ని కూడా నేనే. మీరేనా మాటలన్నీ సరిచేసేది?"

అవునన్నాను.

"అది మంచం దిగట్లేదండీ. శుక్రవారం నుంచీ ఇదే తంతు. జ్వరం లేదు, కాలి నొప్పి లేదు. ఇరవై మూడున సెలక్షన్ పరుగుంది, దాని కోసం మూడేళ్ళుగా ఒళ్ళు హూనం చేసుకున్నాం ఇద్దరం. ఏమైందే తల్లీ అంటే, 'రేడియోలో చెప్పాగా, విన్నావుగా' అంటుంది. విన్నానండీ! ఒకసారి కాదు, ఫోన్లో రికార్డు చేసుకుని అయిదు సార్లు విన్నాను. పరుగంటే ఎంత ఇష్టమో చెప్పింది. సంతోషం పట్టలేక ఏడ్చాను కూడా. మర్నాడు పొద్దున రెట్టింపు హుషారుగా అయిదున్నరకి లేపాను. అది నా మొహంలోకి చూసి, అటు తిరిగి పడుకుంది."

"ఆ అమ్మాయి విందా మరి?"

"దాని గొంతు అది వినదండీ, సిగ్గు. ఆ టైముకి చెవుల్లో దూది పెట్టుకుంది." విజిలు సర్దుకుంటూ అడిగింది. "మీ దగ్గర ఇంకేమైనా ఉందా? వెయ్యకుండా వదిలేసింది?"

"లేదమ్మా. అంతా వేసిందే" అన్నాను.

అంత గబుక్కున ఎలా వచ్చిందో నోట్లోంచి. నేను కూడా ఊపిరి తీసుకోలేదు.

టీ ఇస్తానన్నాను, వద్దంది. వెళ్ళేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుని థాంక్సండీ అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

12వ తేదీ, బుధవారం

ఆ రోజు ఏం జరిగిందో ఒక్కసారి రాసేసుకుని మర్చిపోతా.

మూడో తారీఖున గ్రౌండు పక్కన బట్టలు మార్చుకునే గదిలో రికార్డు చేశాం. బల్ల మీద తడి తువ్వాళ్ళు, కిటికీకి వేలాడుతున్న బూట్లు. పెద్దాయన, ఆ అమ్మాయి ఎదురెదురుగా. నేను మూల స్టూలు మీద, చెవులకి హెడ్‌ఫోన్లు. చివరి ప్రశ్న అడిగారు. ఆ అమ్మాయి మాట్లాడలేదు. చాలాసేపు. తర్వాత కొలిస్తే ఇరవై రెండు సెకన్లు. ఆ తర్వాత అటు తిరిగి ఏదో గొణిగింది. ఆ తర్వాత కాళ్ళ మాట చెప్పింది.

గొణిగింది నాకు వినపడలేదు. వినపడనిదాన్ని ఎవరైనా ఏం చేస్తారు? కోస్తారు. రేడియోలో ఇరవై రెండు సెకన్లు మాట లేకపోతే జనం పెట్టె మీద చరుస్తారు. నా పని నేను చేశాను. కావాలంటే అసలు రికార్డింగు రేపు మళ్ళీ పెట్టుకుని వింటా. అప్పుడు నాకే తెలుస్తుంది.

13వ తేదీ, గురువారం

ఇవాళ తత్వం మాస్టారితో సరిపోయింది. రెండు గంటలకి మొదలుపెట్టిన మనిషి అయిదున్నరకి ఆపారు. ఆపారు అనడం తప్పు, బస్సు టైమైంది కాబట్టి లేచారు. మనిషిలో సృజన ఎక్కడ పుడుతుంది అని పెద్దాయన అడిగితే, పుట్టడం అంటే ఏమిటి అన్న దగ్గర మొదలుపెట్టి గంట సేపు పురుడు పోశారు. దాహం వేసినప్పుడు కూడా గ్లాసులోకి మాట్లాడారు. "ఇంకా ఇష్టమేనా?"కి ఇరవై నిమిషాల జవాబు. అందులో ఒక్క మాట మాత్రం నాకు చెవిలో పోటులా దిగింది: "ఇష్టం అన్నవాణ్ణి నమ్మొచ్చండీ. లేదని కూడా అనగలిగినవాణ్ణి ఇంకా నమ్మొచ్చు."

మా స్టేషన్లో అసలు రికార్డింగులు పది రోజులకి వాటంతటవే చెరిగిపోతాయి, చోటు చాలదు కాబట్టి. మూడో తారీఖువి ఇవాళ సాయంత్రం అయిదింటికి. నాలుగున్నరకి నాకు గుర్తుంది. మాస్టారు మాట్లాడుతున్నారు కదా, మధ్యలో ఎలా లేస్తాను?

స్నానాలగదికి మాత్రం లేచాను, అయిదుకి పదినిమిషాలుండగా. తిరిగొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

అయిదయింది.

14వ తేదీ, శుక్రవారం

మూడో తారీఖునే నాకు వినపడింది.

"లేదు" అంది. పెద్దాయన ఇంకా ఇష్టమేనా అని అడిగారు, ఆ అమ్మాయి ఇరవై రెండు సెకన్లు ఆలోచించి లేదు అంది. ఆ తర్వాతే "పొద్దున లేవగానే కాళ్ళు వాటంతటవే వెళ్ళిపోతాయండీ. అంతే" అంది. ఆ పిల్ల చెప్పింది అలవాటు గురించి. ఆ ఒక్క మాట తీసేసి నేను దాన్ని ప్రేమగా మార్చాను. మార్చి మెప్పు కూడా పొందాను.

రికార్డింగు పోయింది. ఇప్పుడు నిజం ఒప్పుకుని ఏం లాభం? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నాకు కాలు కడుక్కోవడానికి నీళ్ళు కూడా లేవు.

16వ తేదీ, ఆదివారం

కూర మాడింది. అత్తయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం.

17వ తేదీ, సోమవారం

పిన్నిగారు ఫోన్ చేసింది. గొంతు సగానికి పడిపోయింది.

"బలవంతాన మందుల షాపుదాకా పంపానండీ, గాలి తగులుతుందని. దారిలో ఎవరో ఆపి, 'రేడియోలో భలే చెప్పావమ్మా, మా పిల్లలకి కూడా చెప్పాను' అన్నారట. ఇంటికొచ్చి తలుపేసుకుని ఒకటే ఏడుపు. మెచ్చుకుంటే ఏడుస్తుందేంటండీ మనిషి?"

"ఏమోనమ్మా" అన్నాను.

నాకు తెలుసు. ఆ పిల్ల లేదన్నది లోకమంతా విందనుకుంటోంది. పిన్ని కూడా విందనుకుంటోంది. విన్నాక కూడా నవ్వుతూ వచ్చి అయిదున్నరకి లేపిందనుకుంటోంది. ఊళ్ళోవాళ్ళు భలే చెప్పావంటే, వెక్కిరిస్తున్నారో, లేక తన మాటకి విలువే లేదో, పాపం ఏం తోస్తుంది దానికి? ఈ ముడి వేసింది నేను. విప్పడానికి కొస చేతిలో లేదు. ఇంకో ఆరు రోజుల్లో ఆ పరుగు. వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదో పిన్నికి ఈ జన్మకి అర్థం కాదు. వెళితే ఆ అమ్మాయి ఇక ఎప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పదు.

నేనే వెళ్ళి చెప్పొచ్చు. "మీ అమ్మాయి లేదంది" అని. ఎవరు నమ్ముతారు? మొన్న ఇంకేం లేదని నేనే చెప్పాను కదా వాళ్ళకి.

18వ తేదీ, మంగళవారం

వరసగా రాస్తా.

ఇవాళ నవలలావిడ ఇంట్లో రికార్డింగు. డెబ్భై ఒక్కేళ్ళు, పద్నాలుగు నవలలు, నోట్లో నువ్వు గింజ నానదు. వెళ్ళగానే, "మీ రేడియోవాళ్ళు నన్ను చచ్చేలోపు పిలుస్తారా లేదా అని మా చెల్లెలితో పందెం కాశాను, ఓడిపోయాను" అంది. రోజూ రాస్తారా అని పెద్దాయన అడిగారు. "రోజూ కూర్చుంటాను. రాయడం దాని ఇష్టం. ఏడేళ్ళ కిందట ఒక సంవత్సరమంతా కూర్చున్నాను, ఒక్క వాక్యం రాలేదు. కూర్చున్నందుకు నడుం నొప్పి మాత్రం వచ్చింది."

"ఇంకా ఇష్టమేనా?" అని అడిగారు పెద్దాయన. ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తొమ్మిది సెకన్లు. నాకు లెక్క అలవాటు.

"ఇష్టం అల్లుడి లాంటిదయ్యా. పిలిస్తే బెట్టు చేస్తుంది, పిలవకపోతే అలుగుతుంది. నేను కుర్చీ వేసి ఉంచుతాను, వస్తే వస్తుంది."

అందరం నవ్వాం. అయిపోయాక నా అలవాటు ప్రకారం, "ఒక్క ముప్ఫై సెకన్లు ఎవరూ కదలకండి, గది నిశ్శబ్దం తీసుకోవాలి" అన్నాను.

"నిశ్శబ్దాన్ని కూడా తీసుకుంటారా?"

"ఏ గది నిశ్శబ్దం ఆ గదిదేనండీ. మీ ఫ్యాను, మీ గోడ గడియారం, వీధి చప్పుడు అన్నీ ఉంటాయి అందులో. మాట కోసిన చోట గుంట పడుతుంది. ఆ గుంటలో ఇదే గది నిశ్శబ్దం పొయ్యాలి. లేకపోతే వినేవాళ్ళకి అతుకు తెలిసిపోతుంది."

"మరి వాడగా మిగిలింది పారేస్తావా?"

"లేదండీ, దాస్తాను. ఎప్పుడైనా..."

అక్కడ ఆగిపోయాను. నిజంగానే నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఆవిడ, "ఏమ్మా, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చావా?" అంది.

మూడో తారీఖున గ్రౌండు గదిలో విడిగా నిశ్శబ్దం తీసుకోలేదు! అవతల బకెట్లు ఈడుస్తున్నారని వదిలేశాను. మరి గుంటలన్నీ దేనితో పూడ్చాను? ఆ అమ్మాయి మాట్లాడకుండా కూర్చున్న ఆ ఇరవై రెండు సెకన్లతోనే. వాటిని కోసి, నిశ్శబ్దాల డబ్బాలో పెట్టుకుని, అందులోంచి చిటికెడు చిటికెడు తీసి ఇంటర్వ్యూ అంతా అతికించాను. ఆ డబ్బా నా సొంత కంప్యూటర్లో ఉంది. పది రోజులకి చెరిగిపోయేవాటిలో లేదు.

బ్యాగు నవలలావిడ ఇంట్లోనే మర్చిపోయి పరిగెత్తాను. నాలుగు వందల ముప్ఫై నిశ్శబ్దాలున్నాయి డబ్బాలో. "పరుగు" అని రాసి ఉన్నదాన్ని తెరిచాను. ఇరవై రెండు సెకన్లు అలాగే ఉన్నాయి. చివర్లో తోక కత్తిరించకుండా వదిలేశాను, బద్ధకం కొద్దీ. నా బద్ధకానికి దండం పెట్టాలి.

"లేదు."

ఉంది. తనే. స్పష్టంగా ఉంది. గొణగనే లేదు.

అమ్మయ్య. అమ్మయ్య. అమ్మయ్య.

19వ తేదీ, బుధవారం

పెద్దాయనకి చెప్పాను. తలుపు వేసి, నిలబడే చెప్పాను. కోసిందీ, పిన్నిగారికి అబద్ధం చెప్పిందీ, రికార్డింగు చెరిగిపోతుంటే తత్వం మాస్టారి ముందు కుక్కిన పేనులా కూర్చున్నదీ. తిడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుస్తూ కూర్చున్నారు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచారు.

"ఆ గదిలో నేనూ ఉన్నానుగా కత్తెరమ్మా. ఆ అమ్మాయికి మూరెడు దూరంలో. నాకు వినపడలేదనుకున్నావా?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పదకొండేళ్ళలో మొదటి 'లేదు' అది. తర్వాత ఏం అడగాలో తెలీక భయమేసింది నాకు. నువ్వు ఎలాగూ కోస్తావులే అని నోరు మూసుకున్నాను. కోశావు. అందుకే ఆ రోజు లేచి నిలబడ్డాను, అంత హాయిగా అనిపించింది."

పద్ధెనిమిదేళ్ళలో మూడోసారి మెచ్చుకున్నారని మురిసిపోయాను కదా. చివరికి అదీ ఇందుకేనన్నమాట. ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఆ తర్వాత ఎందుకో నవ్వొచ్చింది. ఇద్దరు దొంగలు ఒకే ఇంటికి కన్నం వేసి లోపల గుద్దుకున్నట్టుంది మా పని.

"నేనూ వస్తాను వాళ్ళింటికి" అన్నారు.

"వద్దండీ. మీరొస్తే మళ్ళీ ప్రశ్న అడుగుతారు."

20వ తేదీ, గురువారం

వెళ్ళొచ్చాను.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు వెనక రెండు గదుల ఇల్లు. కిటికీ ఊచకి తాళాలగుత్తితో పాటు పతకాలు వేలాడుతున్నాయి, ఏది తాళమో ఏది పతకమో తెలీకుండా. పిన్నిగారు తలుపు తీసింది. గుమ్మంలోనే చెప్పేశాను, లోపలికి వెళితే ధైర్యం చాలదని.

"మొన్న మీకు అబద్ధం చెప్పానమ్మా. మీ అమ్మాయి చెప్పిన ఒక మాట నేను తీసేశాను. తెచ్చాను."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. పక్కకి జరిగి దారిచ్చింది.

ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, దుప్పటి కింద పదేళ్ళ పిల్లలా ఉంది. స్టూలు మీద రికార్డరు పెట్టాను. నేను దాచిన ముక్కలో పెద్దాయన ప్రశ్న లేదు, అందుకని నేనే చెప్పాను. "పెద్దాయన నిన్ను ఇంకా ఇష్టమేనా అని అడిగారమ్మా. ఆ తర్వాత ఇదీ."

మీట నొక్కాను. నిశ్శబ్దం మొదలైంది. గ్రౌండు గదిలోని ఫ్యాను శబ్దం. ఆరో సెకనులో లోపలికి తీసుకున్న ఊపిరి, మాట్లాడబోయి ఆగిపోయినట్టు. పదమూడు దగ్గర దూరంగా బకెట్టు. పంతొమ్మిది దగ్గర బూటు నేలకి రాసుకున్న చప్పుడు. నేను ఆ నిశ్శబ్దాన్ని ఇరవై ముక్కలు చేసి వాడుకున్నాను గానీ, ఒక్కసారి కూడా ఇలా మనసుపెట్టి వినలేదు. పిన్నిగారు స్టాప్‌వాచీ గుప్పిట్లో బిగించి పట్టుకుని నిలబడింది.

"లేదు."

దుప్పటి కదిలింది. ఆ అమ్మాయి ఇటు తిరిగింది.

"ఇది వెయ్యలేదా మీరు?"

"వెయ్యలేదమ్మా."

"అయితే..." పిన్ని వైపు చూసింది. "నువ్వు వినలేదా?"

"ఇప్పుడే వింటున్నానే తల్లీ" అంది పిన్నిగారు. "ఈ మాట ఇప్పుడే వింటున్నాను."

"మరి మర్నాడు అంత నవ్వుతూ లేపావు?"

"నీకు ఇష్టమని చెప్పావనుకుని కదే!"

"విన్నాక కూడా లేపావనుకున్నా పిన్నీ. విని కూడా లెక్కచెయ్యలేదనుకున్నా." అని లేచి కూర్చుని నా మీదకి తిరిగింది. ఆ చూపుకి నేను గోడకి ఆనుకున్నాను. "నోరు తెరిచి ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టిందండీ. మూడేళ్ళు! పిన్నికి ఎదురుగా చెప్పలేక, రేడియోలో చెబితే తనే వింటుందిలే అని చెప్పాను. మీరు దాన్నే తీసేశారు. ఎవరిచ్చారండీ మీకా హక్కు?"

"ఎవరూ ఇవ్వలేదమ్మా. తప్పు చేశాను."

ఇంకా తిట్టింది. తిట్టించుకున్నాను. నిజం చెప్పాలంటే పది రోజుల తర్వాత మొదటిసారి హాయిగా ఉంది. తిట్టు తిట్టుకీ మెడ నొప్పి కాస్త కాస్త వదులుతున్నట్టుంది.

పిన్నిగారు మంచం అంచున కూర్చుంది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. నేను అలవాటుగా లెక్కపెట్టడం మొదలుపెట్టి, నాలుగు దగ్గర మానేశాను.

"ఒక సంగతి చెప్పనా?" అంది పిన్నిగారు. "నాకు మాత్రం ఇష్టమా ఏంటే అయిదున్నరకి లేవడం? నాకు నిద్రంటే ప్రాణం. నువ్వు లేస్తున్నావు కదా, పిల్ల ఇష్టపడుతోంది కదా అని నేను లేస్తున్నా."

"నువ్వు లేస్తున్నావని నేను లేస్తున్నా!"

"ఎన్నేళ్ళుగా?"

"మూడేళ్ళుగా!"

"ఓసి నీ! ముందే చెప్పి చావొచ్చు కదే, ఇద్దరం పడుకునేవాళ్ళం కదా!"

ముందు ఆ అమ్మాయి నవ్వింది. తర్వాత పిన్నిగారు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. ఆ తర్వాత నేనూ ఏడ్చాను, నన్నెవరూ పిలవకపోయినా.

వచ్చేముందు, ఇది మళ్ళీ ప్రసారం చెయ్యమంటావా, నీ ఇష్టం అని అడిగాను. ఆ అమ్మాయి ఆలోచించింది. "వెయ్యండి. కానీ ఒక్క సెకను కూడా కొయ్యొద్దు" అంది.

"మరి ఇరవై మూడు?" అని పిన్నిగారు మెల్లగా అడిగింది.

"ఇప్పుడు లేదు పిన్నీ. ఎప్పటికీ లేదని కాదు. నాకు తెలీదు. ముందు నన్ను పడుకోనీ."

"పడుకో తల్లీ" అంటూ ఆవిడ విజిలు మెడలోంచి తీసి కిటికీకి తగిలించింది.

21వ తేదీ, శుక్రవారం

పొద్దున తొమ్మిదిదాకా నిద్రపోయాను. అత్తయ్యే కాఫీ పెట్టి ఇచ్చింది. జరిగిందంతా చెప్పాను. "ఊపిరి లేదని ఆ రోజే అన్నానా లేదా?" అంది. పదిసార్లు అంది. ఈ జన్మంతా అంటుంది. అననీ.

23వ తేదీ, ఆదివారం

సెలక్షన్ పరుగు జరిగిందట. ఎవరో గెలిచారట. మంచిది.

27వ తేదీ, గురువారం

వేశాం. అంత తేలిగ్గా ఏం కాలేదు. మా ప్రసారం యంత్రానికో జబ్బుంది: పది సెకన్లు శబ్దం లేకపోతే ఏదో కొంప మునిగిందనుకుని తనంతట తనే వీణ సంగీతం వేసేస్తుంది. మా ఇంజనీరుకి చెబితే గుండె పట్టుకున్నాడు. "ఇరవై రెండు సెకన్లా? ఆ మీట కట్టేస్తే నా ఉద్యోగం ఊడుతుందమ్మా!" పెద్దాయన స్వయంగా కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చారు. అప్పటికీ ఆ ఇరవై రెండు సెకన్లూ ఇంజనీరు కళ్ళు మూసుకునే ఉన్నాడట.

ప్రసారానికి ముందు పెద్దాయన ఒక మాట చెప్పారు. "ఆ రోజు మేము ఈ అమ్మాయి మాట ఒకటి తీసేశాం. తప్పు. ఇవాళ మొత్తం వినండి." పాతది వద్దని ప్రశ్న మళ్ళీ కొత్తగా తన గొంతుతో రికార్డు చేశారు. గొంతు వణికింది. ఉంచేశాను.

ఇంట్లో అందరం పెట్టె చుట్టూ కూర్చున్నాం. ఇవాళ అత్తయ్య ప్రశ్న అడగలేదు. నిశ్శబ్దం మొదలవగానే మా ఆయన చెయ్యి ఊరుకోక పెట్టె వైపు పోయింది. అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆరో సెకను దగ్గర మెల్లగా అంది. "ఇదిగో. ఇప్పుడు తీసుకుంది ఊపిరి."

28వ తేదీ, శుక్రవారం

నూట పన్నెండు ఫోన్లు. సగం మంది, "మీ రేడియో చెడిపోయిందా, మా రేడియో చెడిపోయిందా?" మిగతా సగంలో ఒకాయన, తనకి కూడా ఇష్టం లేదన్నాడట. దేనిమీద ఇష్టం లేదో చెప్పకుండా పెట్టేశాడట. నవలలావిడ నా బ్యాగు పంపించింది, లోపల చీటీ: "నా తొమ్మిది సెకన్లు జాగ్రత్త."

ఆవిడవి కొయ్యను. పెద్దాయనతో చెప్పేశాను, ఇకపై చివరి ప్రశ్నకి నా కత్తెర ముట్టదని. "మరి ఇరవై ఎనిమిది నిమిషాలకి ఎలా కుదురుతుంది?" అన్నారు. మీ దగ్గులు ఉన్నాయి కదండీ అన్నాను.

30వ తేదీ, ఆదివారం

పరుగమ్మాయి ఫోన్ చేసింది! దానంతటది, నాకు.

"ఏమండీ, పిన్నికో కొత్త కష్టం వచ్చిందండీ. అయిదున్నరకి మెలకువ వచ్చేస్తోందట, పడుకుందామన్నా నిద్ర పట్టట్లేదట. ఇల్లంతా గిన్నెలు చప్పుడు చేస్తుంటే నేనే గ్రౌండుకి తీసుకెళ్తున్నా. ఆవిడ నడుస్తోంది, నేను గట్టు మీద కూర్చుని స్టాప్‌వాచీ పట్టుకుంటున్నా. మహా నెమ్మదండీ! నత్త నయం. నిన్న విజిలు ఊదాను, తిట్టింది."

నవ్వి నవ్వి నాకు పొలమారింది. నవ్వు ఆగాక నోరు ఊరుకోలేదు. "మరి నీకో? పరిగెత్తాలనిపిస్తోందా?" అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

అటువైపు మాట లేదు. దూరంగా ఎవరో ఈల వేస్తున్నారు, సైకిల్ గంట ఒకటి మోగింది. నా నోటి చివర ఎన్ని మాటలు వచ్చాయో, సర్లేమ్మా, తొందరేం లేదు, ఊరికే అడిగా అని. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. లెక్క కూడా పెట్టలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. అత్తయ్య వంటింట్లోంచి తొంగిచూసి, ఏదో అనబోయి, ఊరుకుంది.

చాలాసేపటికి ఆ అమ్మాయి ఊపిరి తీసుకుంది.

"తెలీదండీ ఇంకా" అంది.

"సరేనమ్మా" అన్నాను.